నిండు సున్న

అజ్మాన్ సనయ్యలో, షట్టరు సగం ఎత్తిన షాపు ముందు
మొయ్దీన్‌కుట్టి నడుం మీద చేతులేసుకుని
బోర్డును ఈ చివర నుంచి ఆ చివరికి కొలిచాడు, కళ్ళతో.
"నాలుగు మీటర్లకి డబ్బులిచ్చాను.
రెండున్నర మీటర్లలో ఏమీ లేదేమిటి?"

అతని హిందీకి మలయాళం యాస, నా హిందీకి మెట్‌పల్లి యాస.
మధ్యలో తెల్లటి ఆక్రిలిక్.
ఒక చాయ్ గ్లాసు, దాని పైన ఎర్ర పట్టీ.
ఆవిరి నేను గీయలేదు,
రెండు వంపుల మేర ఆ ఎరుపును ఆపానంతే.

అతనికి పరాటా కావాలి, షవర్మా కావాలి,
మూడు ఫోన్ నెంబర్లు, డెలివరీ బైకు,
ఇంకా మూల మిగిలితే ఒక గులాబీ.

తప్పు పట్టను.
నేనూ గోడల మీద సిమెంటు కంపెనీల పేర్లు రాసి బతికినవాణ్ణే.
అక్కడ అడుగు గోడ వదిలితే
తెల్లారేసరికి ఎవడిదో పార్టీ గుర్తు మొలిచేది.

ఖాళీని చూడ్డం నేర్పింది ఉస్తాద్ తయ్యిబ్.
సూడాన్ మనిషి. షాపు వెనక, ఏసీ నీళ్ళు కారే మూల
రెల్లు కలం చెక్కుకుంటూ కూచునేవాడు.
ఒకసారి 'వావ్' రాసి
దాని తలలోని చిన్న కంటి మీద గోరు పెట్టాడు.
"ఇక్కడ సిరా లేదు. ఇది పూడిందా, అక్షరం గుడ్డిది.
మీ భాషలో ఉందా ఇలాంటిది?"

ఒక గుండ్రం గీసి చూపించాను.
పేరేంటన్నాడు.
నిండు సున్న.
నిండు అంటే?
ఫుల్.
లోపల ఏముంది?
ఏమీ లేదు.
ఉస్తాద్ దగ్గొచ్చేదాకా నవ్వాడు.
ఆ రోజు నా చాయ్ డబ్బులు తనే కట్టాడు.

కట్టర్ మిషన్ వినైల్ కోశాక
పట్టకారుతో అక్షరాల కడుపుల్లోంచి ముక్కలు పీకేది నేనే.
దీన్ని కలుపు తీయడం అంటాను, మనసులో.
తెలుగు బోర్డు వచ్చిందంటే రాత్రి పదకొండు.
అన్నీ కడుపులే మన అక్షరాలకు.
పీకిన నీలం సున్నలు మోచేతులకి అంటుకుని
గదిదాకా వస్తాయి.

గదిలో పైన మూడు మంచాలు, కింద మూడు.
ఇక్కడ మాకు దొరికేది ఇల్లు కాదు, బెడ్‌స్పేస్.
మనిషి పొడవు, మనిషి వెడల్పు, ఒక కర్టెన్ గుడ్డ.
నేనైతే మార్జిన్లు ఇంకొంచెం వదిలేవాణ్ణి.

మొన్న లింబాద్రి, నా కింది మంచం, తొమ్మిదేళ్ళు,
వీసా క్యాన్సిలైన కాయితం నాలుగు మడతలు పెట్టి
"నా జాగకు ఒక కాయితం జెయ్యన్నా" అన్నాడు.
"పెద్ద అక్షరాలతోని. మంచిగ."

పెద్ద అక్షరాలు పెట్టలేదు.
ఏ-ఫోర్ నిండా నలుపు పోశాను.
మధ్యలో మంచమంత తెలుపు,
దిండు చోట ఒక తల పట్టేంత పల్లం.
అడుగున అదే ఫోన్ నెంబరు పన్నెండు చీటీలుగా,
కత్తెర గాట్లతో.

లింబాద్రి దూరంగా పట్టుకుని చూశాడు,
మళ్ళీ ముక్కు దగ్గర పెట్టుకుని చూశాడు.
"గీడ నేను లేనట్టే ఉంది గదన్నా."
కాసేపాగి,
ఇంకు మస్తు అయ్యిందేమో అని కూడా అన్నాడు.

శుక్రవారం పొద్దున లాండ్రీ పక్క స్తంభానికి అంటించాం.
ఇషా నమాజు వేళకి వెళ్ళి చూస్తే
పన్నెండింట్లో ఐదు చీటీలు గాలికి కొట్టుకుంటున్నాయి.
నేను లెక్కపెట్టింది లేని ఏడింటిని.
ఊడిన సందుల్లోంచి లాండ్రీ ట్యూబ్‌లైటు,
ఎవరివో ఇస్త్రీ చొక్కాలు.

రేపు షాపు తీయగానే
గులాబీకి ఎక్కడో చోటు చూడాలి.
ఆవిరి జోలికి మాత్రం పోను.